జిగా డ్రెయిన్ కొట్టినా వీనసోర్ నిలబడట్లేదు, బిగ్ రూట్ దండగేనా?

బైరాగిపట్టెడ బల్బసోర్:

అన్నలూ, పోకిమాన్ వయొలెట్‌లో సందేహం. ఆదివారం తిరుపతిలో మనోళ్ళ మ్యాచులు ఉండాయి కదా. లెవెల్ 50, సింగిల్స్, ఆరు చూపించి మూడు దించే పద్ధతి. ఇండిగో డిస్క్ అనే అదనపు భాగంలో దొరికిన బల్బసోర్‌ను పెంచి వీనసోర్ చేసినా. సెట్ ఇది: మోడెస్ట్ నేచర్ (స్పెషల్ అటాక్ పెంచే స్వభావం), స్పెషల్ అటాక్‌లో 252 ఈవీ (పెంపకంలో వేసే పాయింట్లు), స్పీడ్‌లో 252, హెచ్‌పీ (ప్రాణం)లో 4. చేతిలో బిగ్ రూట్, అంటే లాగే హెచ్‌పీని 30 శాతం పెంచే వస్తువు. మూవ్స్: జిగా డ్రెయిన్, స్లడ్జ్ బాంబ్, లీచ్ సీడ్, స్లీప్ పౌడర్.

అడగాల్సినవి ఇవి.

గార్చాంప్ ఎదురొస్తే జిగా డ్రెయిన్‌తో హెచ్‌పీ లాగుతానే ఉన్నా రెండో ఎర్త్‌క్వేక్‌కు పడిపోతాది. బిగ్ రూట్ ఉండి ఏం లాభం?

గ్యాస్ట్రోడాన్ మీద నాలుగింతల దెబ్బ కదా, అయినా ఒక్కోసారి పది హెచ్‌పీ కూడా రాదు. ఎందుకు?

టెంటాక్రూయెల్ మీద కొడితే నా హెచ్‌పీ పెరక్కపోగా తగ్గింది. బగ్గా?

ఇంకొకటి, మా బ్యాచ్‌లో ఒకడు జిగా డ్రెయిన్ పవర్ 60, పీపీ (ఎన్నిసార్లు వాడొచ్చో ఆ లెక్క) 5 అంటాడు. నాకు 75, 10 చూపిస్తా ఉండాది. దీన్ని తీసేసి ఎనర్జీ బాల్ పెట్టేదే మేలా?


కొర్లగుంట క్యాల్క్యులేటర్:

బగ్ ఏమీ లేదు. ముందు లెక్క చూడు, సగం అనుమానాలు దాంతోనే పోతాయి.

జిగా డ్రెయిన్ ఇచ్చే హెచ్‌పీకి నీ మొత్తం హెచ్‌పీతో సంబంధం లేదు. ఎదుటోడి ఒంట్లోంచి నిజంగా ఎంత పోయిందో అందులో సగం నీకు. దామలచెరువు మండీలో కమీషన్ ఎట్లనో ఇదీ అంతే: సరుకు ఎంతకు అమ్ముడైతే దాని మీదే. ‘నిజంగా పోయింది’ అన్న మాట గట్టిగా పట్టుకో. గ్యాస్ట్రోడాన్ సంగతి అక్కడే తేలిపోతుంది. హెచ్‌పీలో 252 ఈవీ పెట్టిన గ్యాస్ట్రోడాన్‌కు లెవెల్ 50లో 218 హెచ్‌పీ. నీ జిగా డ్రెయిన్ దాని మీద కాగితం లెక్కలో 280 నుంచి 336 దాకా కొడుతుంది. కానీ ఉన్నదే 218, కాబట్టి నిండుగా ఉన్నప్పుడు కొట్టినా నీకు వచ్చేది 109, బిగ్ రూట్‌తో 141 దగ్గర. అదే గ్యాస్ట్రోడాన్ 14 హెచ్‌పీతో కొన ఊపిరి మీద ఉన్నప్పుడు కొడితే వచ్చేది 7. చావుకు దగ్గరైనవాడి మీద డ్రెయిన్ మూవ్ వాడటం అంటే పీపీ పారబోసుకోవడమే. అట్లాంటివాడిని వేరే మూవ్‌తో ముగించి, డ్రెయిన్‌ను నిండుగా వచ్చే తర్వాతివాడికి దాచిపెట్టుకో. ఫోకస్ శాష్ పట్టుకున్నవాడిదీ ఇదే తీరు, ఒక హెచ్‌పీ మిగిలిపోతుంది కాబట్టి మిగతా దాంట్లో సగం.

ఇంకో తిరకాసు. నీ హెచ్‌పీ నిండుగా ఉంటే లాగినదంతా గాలికే. అంటే మొదటి రౌండులో నువ్వే ముందు కొడితే డ్రెయిన్ కేవలం 75 పవర్ మూవ్. దెబ్బ తిని తర్వాత కొట్టేవాడికే దీని పూర్తి ఫలం. నువ్వేమో స్పీడ్‌లో 252 పెట్టావు.

ఇక గార్చాంప్. నీ వీనసోర్‌కు స్పెషల్ అటాక్ 167, హెచ్‌పీ 156. అవతల మామూలు జాలీ గార్చాంప్, అటాక్‌లో 252, హెచ్‌పీ 183, స్పెషల్ డిఫెన్స్ 105 అనుకో. గ్రాస్ దెబ్బ గ్రౌండ్ మీద రెండింతలు, డ్రాగన్ మీద సగం, రెండూ కొట్టేసుకుని మామూలు దెబ్బే. జిగా డ్రెయిన్ 67–81 కొడుతుంది. నీకు 34–41 వస్తుంది, బిగ్ రూట్‌తో 44–53. వాడి ఎర్త్‌క్వేక్ నీ మీద 100–118. వాడు నీకంటే వేగం. మొదటి దెబ్బకు నువ్వు 38–56 దగ్గర ఉంటావు, లాగాక 82–109కి వస్తావు, రెండో దెబ్బకు దాదాపు ఎప్పుడూ పోతావు. వాడిని పడగొట్టాలంటే నీకు మూడు దెబ్బలు కావాలి. మూడోది కొట్టే దాకా నువ్వు ఉండవు. బిగ్ రూట్ ఉన్నా లేకున్నా ఫలితం మారలేదు చూడు.

లెఫ్టోవర్స్ రౌండుకు పదహారో వంతు ఇస్తుంది, నీ 156 మీద 9. గార్చాంప్ లాంటి మామూలు దెబ్బ మీద బిగ్ రూట్ కలిపేది 10–12. అది కూడా జిగా డ్రెయిన్ తగిలిన రౌండులోనే. ప్రొటెక్ట్ కొట్టినా, నిద్రపుచ్చినా, వాడు స్టీల్‌ను దించినా బిగ్ రూట్‌కు పని లేదు, లెఫ్టోవర్స్ మాత్రం 9 ఇస్తూనే ఉంటుంది.

లైఫ్ ఆర్బ్ పెడితే దెబ్బ 87–105 అవుతుంది, లాగేది 44–53, అందులోంచి ఆర్బ్ 15 తీసుకుంటుంది. చేతికి మిగిలేది 29–38. హెచ్‌పీ పరంగా బిగ్ రూట్ కన్నా తక్కువే కానీ గార్చాంప్ ఎక్కువసార్లు రెండు దెబ్బలకే పడతాడు. ఎనర్జీ బాల్, లైఫ్ ఆర్బ్ కలిస్తే 105–125, రెండు దెబ్బలు ఖాయం. అయితే ఇవన్నీ నువ్వు ముందు కదిలితేనే. ఎండలో క్లోరోఫిల్ ఎబిలిటీ ఉంటే స్పీడ్ రెండింతలై గార్చాంప్‌ను దాటేస్తావు. టార్కోల్‌ను ముందు దించి డ్రౌట్‌తో ఎండ తెచ్చుకునే టీం అయితే లైఫ్ ఆర్బ్, ఎనర్జీ బాల్. ఎండ లేకపోతే ఆ స్పీడ్ ఈవీలు తీసెయ్.

నా మాట: బిగ్ రూట్ ఈ సెట్‌కు దండగే.


చిత్తూరు తోతాపురి:

పైన లెక్క సరే గానీ బిగ్ రూట్‌ను అంత తేలిగ్గా కొట్టిపారేయొద్దు సామీ. అది జిగా డ్రెయిన్‌కే కాదు, లీచ్ సీడ్‌కు కూడా 30 శాతం కలుపుతాది. స్ట్రెంత్ సాప్, ఇంగ్రెయిన్, ఆక్వా రింగ్ కూడా దాని కిందికే వస్తాయి. గార్చాంప్‌కు సీడ్ తగిలిస్తే రౌండుకు ఎనిమిదో వంతు, అంటే 22 పోతాది. అది బిగ్ రూట్‌తో నీకు 28 అయి వస్తాది. ఒకే రౌండులో సీడూ, జిగా డ్రెయినూ రెండూ పనిచేస్తే లెఫ్టోవర్స్‌ను దాటేస్తాది.

చిక్కు ఎక్కడంటే, సీడ్ తగిలిన పోకిమాన్‌ను ఎదుటోడు వెనక్కి తీస్తాడు. తీసిన మరుక్షణం సీడ్ పోయె, బిగ్ రూట్ ఖాళీగా కూర్చునె. ర్యాపిడ్ స్పిన్‌తో కూడా ఊడిపోతాది. గ్రాస్ టైప్‌కు సీడ్ అసలు పట్టదు. సీడ్ గురి 90 శాతమే, అదీ గుర్తుండాల. ముగ్గురే దిగే ఆటలో మనోళ్ళు ఊరికే మార్చరు కాబట్టి ఆరుగురి ఆట కంటే ఇక్కడ బిగ్ రూట్‌కు కాస్త విలువ ఎక్కువే అనేది నా లెక్క. అయినా నీ సెట్‌కు మాత్రం వద్దు, ఒప్పుకుంటా.

టెంటాక్రూయెల్ విషయానికి వస్తే, అది లిక్విడ్ ఊజ్ అనే ఎబిలిటీ. లాగినంత హెచ్‌పీ నీకు కలవాల్సింది పోయి నీ ఒంట్లోంచి పోతాది. టెంటాకూల్, టెంటాక్రూయెల్, గల్పిన్, స్వాలాట్, ఈ నాలుగూ ఆ ఎబిలిటీతో రావచ్చు. నీ మోడెస్ట్ వీనసోర్ టెంటాక్రూయెల్ మీద 51–61 కొడతాది, నీకు పోయేది 26–31. బిగ్ రూట్ చేతిలో ఉంటే పోయేది కూడా పెరుగుతాది, 40 దాకా. లీచ్ సీడ్ వేసినా ఇదే గతి, రౌండు రౌండుకూ నీకే కోత.

దీంట్లో మోసం ఏందంటే, రంగంలోకి దిగేటప్పుడు ఆ ఎబిలిటీ పేరు తెరమీద పడదు. ఇంటిమిడేట్ మాదిరి చెప్పి రాదు. నువ్వు లాగినప్పుడే బయటపడతాది. టెంటాక్రూయెల్‌కు క్లియర్ బాడీ కూడా ఉంటాది, దాచిన ఎబిలిటీ రెయిన్ డిష్. ఏది ఉందో తెలీదు కాబట్టి ఊజే ఉందనుకుని ఆడు. దాని మీదకి ఎర్త్ పవర్ పెట్టుకో. వాటర్-పాయిజన్ మీద గ్రౌండ్ రెండింతలు, 90 పవర్‌కు సొంత టైప్ బోనస్ లేకపోయినా 180 కింద లెక్క. జిగా డ్రెయిన్ బోనస్‌తో కలిపినా 112 దగ్గరే ఆగుతాది. ఊజ్ ఉన్నా లేకున్నా ఎర్త్ పవరే మేలు. స్వాలాట్‌కు కూడా అదే మందు.

హీల్ బ్లాక్ గురించి కూడా తెలుసుకో. ఇండిగో డిస్క్‌తో సైకిక్ నాయిస్ అని ఒక మూవ్ వచ్చింది, 75 పవర్, తగిలితే రెండు రౌండ్లు నయం కాకుండా కట్టేస్తాది. ఆ రెండు రౌండ్లూ జిగా డ్రెయిన్ ఎంచుకోనే ఎంచుకోలేవు. నయం కాకపోయినా కనీసం దెబ్బ పడుతుందిలే అనుకుంటే పొరపాటు. నీ నాలుగు మూవ్స్‌లో జిగా డ్రెయిన్, సింథసిస్ రెండూ ఉంటే ఒక్క సైకిక్ నాయిస్‌కు సగం చేతులు కట్టేసినట్టే. పైగా వీనసోర్‌లో పాయిజన్ ఉంది కాబట్టి సైకిక్ దెబ్బే రెండింతలు పడతాది.

శాప్ సిప్పర్ ఉన్నవాటి మీద గ్రాస్ మూవ్ పడదు, పైగా వాటి అటాక్ ఒక మెట్టు ఎక్కుతాది. ఇది తెలిసిందే కదా.


జీవకోన జైగాంటమాక్స్:

పవర్ 60, పీపీ 5 అన్నది నేనే. పోకిమాన్ గోల్డ్‌లో అంతే ఉంటుంది, కావాలంటే చూసుకోండి. మూవ్ నేర్పే టీఎం 19, సెలడాన్ జిమ్‌లో ఎరికా ఇస్తుంది.


కొర్లగుంట క్యాల్క్యులేటర్:

గోల్డ్‌లో అంతే, కాదనలేదు. కానీ అది 1999 నాటి ఆట. ఈ మూవ్ ఆటాటకూ మారుతూ వచ్చింది. డైమండ్-పెర్ల్‌లో, అంటే 2006లో, పవర్ 60 అట్లే ఉండి పీపీ 10 అయింది. బిగ్ రూట్ కూడా ఆ ఆటలతోనే వచ్చింది. 2010లో బ్లాక్-వైట్‌లో పవర్ 75 చేశారు, అక్కడి నుంచి ఇప్పటి దాకా 75, 10. డ్రెయిన్ పంచ్‌ది కూడా అదే దారి, డైమండ్-పెర్ల్‌లో 60 పవర్, 5 పీపీతో మొదలై బ్లాక్-వైట్‌లో 75, 10కి వచ్చింది. లీచ్ లైఫ్ మార్పయితే మరీ విడ్డూరం. మొదటి ఆటల నుంచి 20 పవర్‌తో గుహల్లో జుబాట్లు విసిగించడానికే పనికొచ్చింది, 2016లో సన్-మూన్ వచ్చేసరికి ఒక్కసారిగా 80 చేసి పీపీ 15 నుంచి 10కి దించారు. ఎమ్యులేటర్‌లో హార్ట్‌గోల్డ్ ఆడేవాళ్ళకు జిగా డ్రెయిన్ 60, 10 కనబడుతుంది. కాబట్టి ఏ ఆట గురించి మాట్లాడుతున్నామో ముందు చెప్పుకుంటే సగం గొడవలు ఉండవు. ఆదివారం ఆడేది వయొలెట్, అందులో టీఎం 111.


బైరాగిపట్టెడ బల్బసోర్:

అర్థమైంది అన్నా. ఎండ టీం నాకు లేదు, టార్కోల్‌ను ఇప్పుడు పెంచే టైమూ లేదు. అట్లయితే వీనసోర్‌ను నింపాదిగా నిలబడే మాదిరి మార్చాలనుకుంటా ఉండా. అప్పుడు ఈవీలు హెచ్‌పీలోనా, డిఫెన్స్‌లోనా? ఇంకా ఐరన్ హ్యాండ్స్ కూడా నా దగ్గర ఉండాది, డ్రెయిన్ పంచ్ నేర్పినా. దానికి బిగ్ రూట్ ఇద్దామా?


పాకాల ప్యాసింజర్:

ఐరన్ హ్యాండ్స్‌కు బిగ్ రూట్ ఇచ్చేవాడిని ఎక్కడా చూడలేదు తమ్ముడూ, నువ్వు మొదలుపెట్టొద్దు. అసాల్ట్ వెస్ట్ ఇవ్వు.

కారణం చెబుతా, ఇది నీ ఈవీల ప్రశ్నకు కూడా జవాబే. డ్రెయిన్‌తో వచ్చేది శాతం కాదు, అంకె. 40 వచ్చిందంటే నీ హెచ్‌పీ 150 అయినా 40, 230 అయినా 40. లెఫ్టోవర్స్, సింథసిస్, సిట్రస్ బెర్రీ మాత్రం నీ మొత్తం హెచ్‌పీలో వాటా ఇస్తాయి. కాబట్టి హెచ్‌పీ ఈవీలు పెంచితే సింథసిస్ పెరుగుతుంది, డ్రెయిన్ ఒక్క పాయింటు కూడా పెరగదు. డిఫెన్స్, స్పెషల్ డిఫెన్స్ పెంచితే నువ్వు లాగిన ప్రతి హెచ్‌పీ ఎక్కువసేపు నిలుస్తుంది. అసాల్ట్ వెస్ట్ స్పెషల్ డిఫెన్స్‌ను ఒకటిన్నర రెట్లు చేస్తుంది, స్టేటస్ మూవ్స్ మాత్రం వాడనివ్వదు. డ్రెయిన్ పంచ్ దాడి మూవే కాబట్టి వెస్ట్ తొడుక్కుని కూడా నయం చేసుకునే దారి అదొక్కటే. హెచ్‌పీ బేస్ 154, స్పెషల్ డిఫెన్స్ బేస్ 68 ఉన్న ఐరన్ హ్యాండ్స్‌కు ఆ రెండూ సరిగ్గా అతికాయి. 2023 డబుల్స్‌లో దీన్ని ఫేక్ అవుట్, వైల్డ్ చార్జ్, డ్రెయిన్ పంచ్, అసాల్ట్ వెస్ట్‌తో ఎందుకు అంతగా వాడారో ఇక్కడే తెలుస్తుంది. నీది సింగిల్స్ కాబట్టి ఫేక్ అవుట్ చోటులో ఐస్ పంచ్ పెట్టినా నష్టం లేదు. గార్చాంప్ మీద నాలుగింతలు.

అడమెంట్, అటాక్‌లో 252 పెట్టిన ఐరన్ హ్యాండ్స్ అటాక్ 211. డిఫెన్స్‌లో ఏమీ పెట్టని గార్చాంప్ మీద డ్రెయిన్ పంచ్ 78–93 కొట్టి 39–47 లాగుతుంది. ఇన్సినరోర్ వచ్చి ఇంటిమిడేట్ పెడితే అటాక్ 140కి పడి, అదే దెబ్బ 52–63, లాగేది 26–32. దెబ్బ తగ్గితే నయమూ తగ్గుతుంది, ఇది చాలామంది మరిచిపోతారు. బర్న్ తగిలితే ఏకంగా సగం. విల్-ఓ-విస్ప్ ఉన్నవాడి ముందు ఐరన్ హ్యాండ్స్‌ను నిలబెట్టొద్దు. కాంకెల్డర్‌కు గట్స్ ఉంటే బర్న్ అయినా అటాక్ సగమవదు సరికదా ఒకటిన్నర రెట్లవుతుంది, అందుకే దానికి కావాలని ఫ్లేమ్ ఆర్బ్ ఇచ్చి డ్రెయిన్ పంచ్ కొట్టిస్తారు.

తాకుడు సంగతి కూడా. జిగా డ్రెయిన్ తాకదు. డ్రెయిన్ పంచ్, లీచ్ లైఫ్, హార్న్ లీచ్, డ్రెయినింగ్ కిస్, బిటర్ బ్లేడ్ తాకుతాయి. రఫ్ స్కిన్ గార్చాంప్‌ను గుద్దితే 230లో ఎనిమిదో వంతు 28 పోతుంది. 39–47 లాగి 28 కడితే చేతిలో మిగిలేది 11–19. వాడి చేతిలో రాకీ హెల్మెట్ కూడా ఉంటే ఆరో వంతు 38 అదనం, అంటే మొత్తం 66 పోయి ఎంత లాగినా నష్టమే. పంచింగ్ గ్లోవ్ పెడితే గుద్దు 10 శాతం పెరిగి తాకుడు కూడా పోతుంది, కానీ అప్పుడు వెస్ట్ ఉండదు. నేనైతే వెస్టే ఉంచుతా.

ఘోస్ట్ టైప్ మీద ఫైటింగ్ పడదు, దెబ్బ లేకపోతే నయమూ లేదు. డ్రెయిన్ పంచ్ కొడతావని తెలిసినవాడు అదే రౌండులో ఫ్లట్టర్ మేన్‌ను దింపుతాడు. తర్వాతి రౌండు మూన్‌బ్లాస్ట్ నీ మీద రెండింతలు. అక్కడ గుడ్డిగా రెండోసారి డ్రెయిన్ పంచ్ నొక్కకుండా వైల్డ్ చార్జ్ నొక్కు.

ఇక వీనసోర్. బోల్డ్ నేచర్, హెచ్‌పీ 252, డిఫెన్స్ 252 పెడితే హెచ్‌పీ 187, డిఫెన్స్ 148. అదే జాలీ గార్చాంప్ ఎర్త్‌క్వేక్ ఇప్పుడు 70–84. జిగా డ్రెయిన్ 49–58కి పడిపోతుంది, లాగేది 25–29. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. లెఫ్టోవర్స్ 11, సీడ్ 22, సింథసిస్ కొడితే దాదాపు 94. సింథసిస్ ఎండలో మూడింట రెండు వంతులిస్తుంది, వాన పడినా ఇసుక లేచినా నాలుగో వంతుకు పడిపోతుంది, అది చూసుకో. ఈ సెట్‌లో నయం చేసేది సీడూ సింథసిసూ. జిగా డ్రెయిన్ కేవలం సీడ్ వేశాక ఖాళీగా కూర్చోకుండా కొట్టే మూవ్.


చిత్తూరు తోతాపురి:

పాకాలన్న చెప్పినదానికి ఒక చిన్న లెక్క తగిలిస్తా. డ్రెయిన్ మూవ్‌లను పవర్‌తో కాదు, పవర్‌ను లాగే వాటాతో గుణించి పోల్చుకోవాల. జిగా డ్రెయిన్, డ్రెయిన్ పంచ్, హార్న్ లీచ్ మూడూ 75లో సగం, 37.5. డ్రెయినింగ్ కిస్ పవర్ 50 అని నవ్వుతారు, కానీ అది 75 శాతం లాగుతాది, కాబట్టి అదీ సరిగ్గా 37.5. టెరాతో ఫెయిరీ టైప్‌గా మారితే 60 కన్నా తక్కువున్న ఫెయిరీ మూవ్ 60కి ఎక్కుతాది కాబట్టి 45 అవుతాది. హ్యాటరీన్ కామ్ మైండ్ వేసుకుంటా కిస్ పెడుతూ కూర్చుంటే ఎంత తలనొప్పో ఆడినోళ్ళకు తెలుసు. లీచ్ లైఫ్ 40. సెరూలెడ్జ్ బిటర్ బ్లేడ్ 90లో సగం 45, పైగా స్వోర్డ్స్ డ్యాన్స్ వేస్తే దెబ్బా నయమూ రెండూ రెండింతలు. ఇవెల్టాల్ ఒబ్లివియన్ వింగ్ 80కి 75 శాతం, 60, దాని జోలికి ఏదీ రాదు, అది మన ఆదివారం ఆటలో ఎటూ ఉండదు లెండి. డ్రీమ్ ఈటర్ 100లో సగం 50, కానీ నిద్రపోతున్నవాడి మీదే.

వోల్కరోనా మీద జిగా డ్రెయిన్ పెట్టేది ఇందుకే. సొంత టైప్ కాదు, అయినా క్వివర్ డ్యాన్స్ రెండుసార్లు పడ్డాక స్పెషల్ అటాక్ రెండింతలై ఉంటాది, రాక్ మూవ్ పట్టుకుని దాన్ని ఆపడానికొచ్చే వాటర్, గ్రౌండ్, రాక్ వాళ్ళ మీద రెండింతల దెబ్బ. కొట్టే దెబ్బ పెద్దదై నయం దాని వెనక వస్తాది. అట్లాంటి చోటే డ్రెయిన్ మూవ్ పెట్టుకోవాల. బోల్డ్ వీనసోర్ లాంటి బలం లేని చేతికిస్తే 25 లాగి సంతోషపడాల్సిందే.


జీవకోన జైగాంటమాక్స్:

డబుల్స్ ఆడేవాళ్ళు కాంఫీని మరిచిపోయారు. దాని ట్రయేజ్ ఎబిలిటీతో నయం చేసే మూవ్స్‌కు ప్రయారిటీ +3 వస్తుంది, డ్రెయినింగ్ కిస్, జిగా డ్రెయిన్ కూడా అందులోకే వస్తాయి. లీచ్ సీడ్ రాదు. సైకిక్ టెరైన్ ఉంటే నేల మీద ఉన్నవాళ్ళకు ఆ ప్రయారిటీ దెబ్బ తగలదు. సినిస్ట్చా మాచా గాచా కూడా చూడండి, 80 పవర్, 90 గురి, ఎదుటి ఇద్దరికీ తగిలి ఇద్దరి నుంచీ లాగుతుంది, 20 శాతం బర్న్. ఇద్దరికీ పడేటప్పుడు దెబ్బ ముప్పావుకు తగ్గుతుంది.


బైరాగిపట్టెడ బల్బసోర్:

సరే, ఇట్లా ఖాయం చేస్తా ఉండా: బోల్డ్, హెచ్‌పీ 252, డిఫెన్స్ 252, మిగిలిన 4 స్పెషల్ డిఫెన్స్‌లో, లెఫ్టోవర్స్. జిగా డ్రెయిన్, లీచ్ సీడ్, సింథసిస్, స్లీప్ పౌడర్. ఐరన్ హ్యాండ్స్‌కు అసాల్ట్ వెస్ట్. ఇంకేమన్నా తప్పుందా?


కొర్లగుంట క్యాల్క్యులేటర్:

ఒకటుంది. ఈ నాలుగు మూవ్స్‌తో స్టీల్ టైప్ ఎవడొచ్చినా నీ దగ్గర కొట్టేది లేదు, వేరే గ్రాస్ టైప్ వస్తే సీడ్ పట్టదు, స్లీప్ పౌడర్ కూడా పట్టదు. టెంటాక్రూయెల్ గోల సరేసరి. స్లీప్ పౌడర్ గురి 75 శాతమే, పైగా ఆదివారం రూల్స్‌లో నిద్ర మీద ఆంక్ష ఉందో లేదో అడిగి తెలుసుకో. నేనైతే దాన్ని తీసి ఎర్త్ పవర్ పెడతా. గ్రాస్ టైప్‌లే ఎక్కువ వస్తాయని అనుమానముంటే స్లడ్జ్ బాంబ్.

మార్చే పద్ధతి. నేచర్‌కు బోల్డ్ మింట్ చాలు, కొత్తగా పట్టక్కర్లేదు. ఈవీల దగ్గర జాగ్రత్త. మొత్తం 510లో 508 నిండి ఉన్నాయి కాబట్టి ముందు తగ్గించకుండా డిఫెన్స్ పెంచే ఐరన్ తాగించినా లాభం లేదు. స్పెషల్ అటాక్ తగ్గడానికి హాన్‌డ్యూ బెర్రీ, స్పీడ్‌కు టమాటో బెర్రీ, ఒక్కోటి 10 తగ్గిస్తుంది, అంటే 252 పోవాలంటే చెరో 26. అన్ని బెర్రీలు లేకపోతే టీల్ మాస్క్‌లో వచ్చిన ఫ్రెష్-స్టార్ట్ మోచీ ఒక్కటి తినిపిస్తే అన్ని ఈవీలూ సున్నా. బెర్రీల దారిలో పోతే హెచ్‌పీలో ఉన్న 4 అట్లే ఉంటాయి కాబట్టి హెచ్‌పీ అప్ 25 చాలు, మోచీ తినిపిస్తే 26. డిఫెన్స్‌కు ఐరన్ ఎటూ 26. సింథసిస్ పీపీ 5 మాత్రమే, పీపీ మ్యాక్స్ ఒకటి మిగిలి ఉంటే ముందు దానికే వాడు, 8 అవుతుంది. జిగా డ్రెయిన్ 10తోనే ఒక మ్యాచ్ గడిచిపోతుంది.